చీఫ్ చెప్పిన మూడు నిద్రలు

మనవడు తెప్పించుకునే పిజ్జాతోపాటు చిన్న పొట్లం ఒకటి వస్తుంది, ఓరెగానో అని. మొన్న వాడు దాన్ని పళ్ళతో చింపి చల్లుతుంటే ఆ వాసన పడక్కుర్చీలో ఉన్న నా దాకా వచ్చింది. అంతే, హైదరాబాదు ఫ్లాటు నాలుగో అంతస్తు పోయి ఓడలో మెస్‌రూం వచ్చేసింది. స్టీలు పళ్ళెంలో టమాటా ముక్కలు, వాటి మీద తెల్లటి ఫెటా చీజ్ దిమ్మ, పైన ఆలివ్ నూనె, చివర్లో మా చీఫ్ ఇంజనీరు రెండు అరచేతుల మధ్య నలిపి రాల్చే ఎండాకు. ఆయన పొట్లాలు కొనేవాడు కాదు. వాళ్ళ దీవి కొండ మీద కోసిన కొమ్మల్ని కట్టకట్టి, పాత వార్తాపత్రికలో చుట్టి తెచ్చుకునేవాడు. ఆ కట్ట విప్పితే మెస్‌రూంలో డీజిల్ కంపు కూడా కాసేపు తెలిసేది కాదు.

"ఈ ఓరెగానో ఉత్త పొట్టురా" అన్నాను.

"నీకెలా తెలుసు తాతా?"

ఎలా తెలుసో చెప్పాలంటే చీఫ్ గురించి చెప్పాలి. చీఫ్ గురించి చెప్పాలంటే గ్రీకుల పాతకథల్లో వీరుడు ఒడిస్సియస్ గురించి చెప్పాలి. వాడికి సగం చెప్పేసరికి పిజ్జా చల్లారిపోతోందని వాళ్ళమ్మ కేకేసింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

* * *

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. ఇంటికొకడు ఓడ మీదో గల్ఫులోనో ఉండడం మా పక్క ఊళ్ళల్లో అప్పటికే మొదలైంది. వరసకి బావ అయ్యే ఒకాయన "ఇంజన్ రూంలో చేరిపో గురువా, ఎండ తగల్దు" అని చెప్పి నన్ను బొంబాయి రైలెక్కించాడు. ఎండ తగలదన్న మాట నిజమే. వేడి మాత్రం రాత్రీ పగలూ తగిలేది.

ఓడ ఉద్యోగానికి కావలసిన సీడీసీ పుస్తకం చేతికొచ్చాక ఏజెంట్ల ఆఫీసుల బల్లల మీద కూర్చుని కూర్చుని, చివరికి గ్రీకు యజమాని ఓడొకటి దొరికింది. బల్క్ కారియర్, అంటే ధాన్యం లాంటి సరుకు గుట్టగా పోసుకెళ్ళేది. జెండా సైప్రస్‌ది. ఆఫీసర్లు గ్రీకులు, మిగతావాళ్ళం ఫిలిప్పీన్స్ వాళ్ళూ మనవాళ్ళూ. ఓడ మీద ఎవడికీ పేరుండదు, హోదాయే పేరు. కెప్టెన్, చీఫ్, సెకండ్, బోసన్, ఫిట్టర్, కుక్కు. నేను ఆయిలర్ని. నాది పన్నెండు - నాలుగు వాచ్. మిట్టమధ్యాహ్నం నాలుగు గంటలు, అర్ధరాత్రి నాలుగు గంటలు. చేతిలో గుడ్డపేలిక, నడుముకి టార్చి. బేరింగుల మీద చెయ్యిపెట్టి చూడ్డం, ప్రెషర్లు చదవడం, థర్డ్ ఇంజనీరుకి చెబితే లాగ్‌బుక్కులో రాసుకోవడం.

ఆ ఓడ చప్పుళ్ళు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నూనె శుద్ధిచేసే ప్యూరిఫయర్ల సన్నటి కూత. పైన ఓడ నడిపే గది, బ్రిడ్జి నుంచి ఇంజన్ వేగం చెప్పే టెలిగ్రాఫ్ తిప్పితే కింద ఠంగుమని మోగే గంట. మెయిన్ ఇంజన్ మోత గురించి వేరే చెప్పక్కర్లేదు. అది మోగుతున్నంతసేపూ హాయిగా నిద్రపట్టేది, దాని లయ మారితే అందరికీ ఒక్కసారే మెలకువ వచ్చేసేది. రేడియో గది ముందునుంచి పోతుంటే మోర్స్ చప్పుడు వినిపించేది. ఆ గదిలో ఆయన్ని మనవాళ్ళు మార్కోనీ సాబ్ అనేవారు. 1999 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాల పద్ధతి పూర్తిగా వచ్చాక మోర్స్ అక్కర్లేకుండా పోయింది, మార్కోనీ సాబ్ ఉద్యోగమూ పోయింది. ఇప్పటి కుర్రాళ్ళకి అలాంటి గది ఒకటుండేదని కూడా తెలీదు.

ఉత్తరాలు రేవులో ఏజెంటు సంచిలో వచ్చేవి. ఒక్కోసారి మేం వెళ్ళిపోయాక ఆ రేవుకి చేరి, మా వెనకాలే ఇంకో రేవుకి తిరిగేవి. అందుకని మా ఆవిడ ఏరోగ్రామ్ మీద మూలన నంబరు వేసేది. అయిదో నంబరు ముందొచ్చి, మూడో నంబరు తర్వాతొచ్చేది. పాపకి జ్వరం తగ్గిందని ముందు తెలిసేది, జ్వరం వచ్చిందని నెల్లాళ్ళకి తెలిసేది.

* * *

నల్లసముద్రంలో గోధుమలు ఎక్కించుకుని ఇటలీ రేవులకి పోవడం ఆ ఓడకి మామూలు పని. ఇస్తాంబుల్ దాటి, మర్మరా సముద్రం దాటి, డార్డనెల్స్ జలసంధిలోంచి బయటపడాలి. అరవై కిలోమీటర్ల ఇరుకు దారి. అంతసేపూ స్టాండ్‌బై, అంటే ఇంజన్ వేగం ఎప్పుడు మార్చమన్నా సిద్ధంగా ఉండాలి, చీఫ్ కంట్రోల్ రూంలోంచి కదలడానికి లేదు. స్టాండ్‌బై అయిందని బ్రిడ్జి వాళ్ళు చెప్పగానే ఆ భారీ మనిషి మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసి వెనక డెక్కు మీదికి పరిగెట్టేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో మంట లేచిందనుకుని నేనూ వెనకాల పరిగెట్టాను.

ఆయన రెయిలింగ్ పట్టుకుని ఎడంపక్క ఒడ్డు చూస్తున్నాడు. ఓ బల్లపరుపు మైదానం, ఎండకి పాలిపోయిన పొలాలు. చూడ్డానికి ఏమీ లేదు.

"ట్రాయ్" అన్నాడు.

హిసార్లిక్ అనే దిబ్బ ఉందట అక్కడ. ష్లీమన్ అనే జర్మన్ వ్యాపారి 1870లలో తవ్వించాడట. ఒకప్పుడు సముద్రం ఆ ఊరి దగ్గరదాకా ఉండేది, నదుల ఒండ్రు పూడి వెనక్కి జరిగిందట. గ్రీకులు ఆ ఊరి మీద చేసిన పదేళ్ళ యుద్ధం జరిగింది ఆ పొలాల్లోనే అని, చేతిలో పూసల దండ టకటక తిప్పుతూ చెప్పుకొచ్చాడు. గ్రీకు మగవాళ్ళు చాలామంది చేతిలో ఉంటుంది అలాంటిది, కొంబొలోయ్ అంటారు. మన జపమాలలా కనిపిస్తుందిగానీ జపం ఏమీ ఉండదు, ఊరికే తిప్పడమే.

ఒడిస్సియస్ కథ నాకు అలా మొదలైంది. ఇథాకా అనే చిన్న దీవికి రాజు. యుద్ధానికి రమ్మని కబురొస్తే వెళ్ళడం ఇష్టం లేక పిచ్చివాడిలా నటించాడట. నాగలికి ఎద్దునీ గుర్రాన్నీ జతకట్టి, చాల్లో ఉప్పు చల్లుతూ దున్నుతున్నాడట. వచ్చినవాళ్ళలో పలమీడిస్ అనే గడుసువాడు ఉయ్యాల్లో ఉన్న కొడుకు టెలిమకస్‌ని తెచ్చి నాగలి ముందు పడుకోబెట్టాడు. ఇతను నాగలి పక్కకి తిప్పాడు. దొరికిపోయాడు.

"వీరుడంటే ఇంట్లోంచి ఉరకలేస్తూ వెళ్ళినవాడు కాదు ఆయిలర్. వెళ్ళకుండా ఉండడానికి చెయ్యగలిగిందంతా చేశాడు" అన్నాడు చీఫ్.

ఇంట్లో మూడు నెలల పాపని వదిలి వచ్చిన నాకు ఆ మాటతో ఒడిస్సియస్ మా ఊరివాడే అయిపోయాడు. ఒడిస్సియస్ మీద హోమర్ అనే గ్రీకు కవి చెప్పిన కావ్యం ఒడిస్సీలో ఈ నాగలి కథ లేదని, అది తర్వాతివాళ్ళు చెప్పుకున్నదని చాలా ఏళ్ళకి తెలిసింది. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

* * *

డార్డనెల్స్ నుంచి కిందికి వస్తే గ్రీసు దక్షిణం కొసన మలేయా అనే అగ్రం. దానికీ కిథీరా దీవికీ మధ్యలోంచి ఓడల దారి. "మలేయా తిరిగావా, ఇల్లు మర్చిపో" అని పాతకాలం నావికుల సామెత. యుద్ధం అయ్యాక ఒడిస్సియస్ ఇంటిదారి తప్పింది అక్కడే. ఉత్తరగాలి కొట్టి తొమ్మిది రోజులు ఎక్కడికో తోసేసింది. అక్కణ్ణుంచి ఊళ్ళకి, జనాలకి మన పటంలో చోటుండదు.

ఆ మలుపు దగ్గర సముద్రం కాస్త కుదిపితే చాలు, చీఫ్ బ్రీకి అనే పొడుగుపిడి ఇత్తడి గిన్నెలో కాఫీ పెట్టుకుని వెనక డెక్కు మీద కూర్చునేవాడు. పొడి గిన్నె అడుగున దిగేదాకా కప్పు ముట్టుకునేవాడు కాదు. ఆ వ్యవధిలో కథ. ఎక్కువసార్లు చెప్పింది గాలిసంచి కథే.

గాలులకి అధిపతి ఎయోలస్. ఆయన ప్రతికూలమైన గాలులన్నీ ఎద్దు తోలు సంచిలో బంధించి, వెండితాడుతో మూతికట్టి ఒడిస్సియస్‌కి ఇచ్చాడు. ఇంటివైపు వీచే పడమటి గాలిని మాత్రం బయట వదిలాడు. తొమ్మిది రాత్రులు, తొమ్మిది పగళ్ళు ఒడిస్సియస్ తెరచాప తాడు ఇంకొకడి చేతికివ్వలేదు. పదో రోజు ఇథాకా కనిపించింది. ఒడ్డున మంటలు వేసుకుంటున్న మనుషులు కూడా కనిపించారు. అప్పుడు నిద్రపోయాడు. సంచిలో వెండి బంగారాలున్నాయని, పంచకుండా తనే దాచుకున్నాడని అతని ఓడవాళ్ళు విప్పారు. గాలులన్నీ ఒక్కసారి బయటపడి ఓడల్ని మొదలెట్టిన చోటికే కొట్టుకుపోయాయి.

బళ్ళో మేష్టారు చెబితే దీన్ని దురాశ దుఃఖానికి చేటు అని చెబుతారు. చీఫ్ అలా చెప్పలేదు. "తప్పు ఎవరిది?" అని అడిగేవాడు. ఫిట్టరు సంచి విప్పినవాళ్ళది అన్నాడు. కుక్కు నిద్రది అన్నాడు. చీఫ్ రెండు వేళ్ళు చూపించాడు. "ఒకటి, సంచిలో ఏముందో చెప్పలేదు. రెండు, వాచ్ అప్పగించలేదు. తొమ్మిది రోజులు మేలుకున్నవాడు పదో రోజు పడుకుంటాడు. అది దేవుళ్ళ పని కాదు, ఒంటి పని."

ఆయన ఈ రెండూ పాటించేవాడు, అదీ నాకు నచ్చింది. చాలా ఓడల్లో తర్వాతి రేవు ఏదో, ఎవరి రిలీవర్ ఎప్పుడొస్తాడో పైవాళ్ళకే తెలుసు. కింద పుకార్లు. ఈయన ఇంజన్ రూం వాళ్ళకి సంబంధించిన టెలెక్స్ ఏదొచ్చినా మెస్‌రూం బోర్డుకి గుచ్చేసేవాడు. జీతాలు ఈ నెల ఆలస్యం అని ఉన్న కాగితం కూడా గుచ్చాడు. కెప్టెన్ మొహం మాడ్చుకున్నాడు. మేం ఆ రోజు తిట్టుకున్నాం, మర్నాటికి మర్చిపోయాం. తెలీకుండా ఉంటే నెలంతా తిట్టుకునేవాళ్ళం.

ఇంకోసారి లంగరు మీద ఒక యూనిట్ విప్పి పిస్టన్ మార్చాల్సి వచ్చింది. తెల్లవార్లూ పని. అయ్యాక చీఫ్ చేతులు తుడుచుకుని, ఇంకా మీసాలు సరిగా రాని థర్డ్ ఇంజనీరు భుజం మీద చెయ్యేసి, మా అందరికీ వినబడేలా "ఇంజన్ నీది. నేను పడుకుంటున్నా" అని పైకి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు ఆ రాత్రి కూర్చోలేదు. అంగుళం అంగుళం తిరిగాడు. నేనూ వాడి వెనకాలే తిరిగాను.

* * *

నేపుల్స్ వైపు పోవాలంటే మెస్సినా జలసంధి దాటాలి. ఇటలీ బూటు కొసకీ సిసిలీకీ మధ్య. ఇరుకైన చోట మూడు కిలోమీటర్లే. ఒక ఒడ్డున షిల్లా అనే ఊరే ఉంది ఇప్పటికీ, ఆరు తలల రాక్షసి స్కిల్లా పేరు మీద. ఎదురొడ్డువైపు కరిబ్డిస్ అనే సుడిగుండం. రెండు సముద్రాల పోటు వేళలు కలవక అక్కడ నీళ్ళు నిజంగానే తిరుగుతాయి. పెద్ద ఓడల్ని ముంచేంత కాదు, చేపల పడవల్ని తిప్పలుపెట్టేంత. పాటతో నావికుల్ని చావుకి లాగే సైరెన్లు అనే మాయగత్తెల చోటు కూడా ఆ పక్కనే ఎక్కడో అంటారు.

నేను మాత్రం స్కిల్లాని ఎప్పుడూ చూడలేదు. చీఫ్ కూడా ఆ ఓడలో ఉండగా చూడలేదు. స్టాండ్‌బై కదా, ఇద్దరం అడుగునే ఉండేవాళ్ళం, చెవులకి మఫ్‌లు తగిలించుకుని. ఒకసారి ఆయన నా చెవి మఫ్ ఎత్తి అరిచాడు:

"మైనం!"

నాకు అర్థం కాలేదు. గంట మోగడం ఆగాక చెప్పాడు. సైరెన్ల పాట విన్నవాడు బతకడు. అందుకని ఒడిస్సియస్ తెడ్లు వేసేవాళ్ళ చెవుల్లో మైనం కూరాడు, తనని మాత్రం తెరచాప కొయ్యకి కట్టించుకుని పాట విన్నాడు. "పాట బ్రిడ్జి మీదవాళ్ళకి. మైనం మనకి" అని పొట్ట కదిలేలా నవ్వాడు. తర్వాత ఆ ఓడలో పైవాళ్ళు ఏ రేవులోనైనా ఊళ్ళోకెళ్ళి తిరిగొచ్చి కబుర్లు చెబుతుంటే మేం చెవి చూపించుకుని "మైనం" అనుకునేవాళ్ళం.

* * *

రెండో నిద్ర కథ ఆకలి రోజుల్లో చెప్పాడు.

ఒక రేవు బయట, సరుకు కాగితాల గొడవేదో తేలక, లంగరు మీద వారాలు పడి ఉన్నాం. సరుకులు పంపాల్సినవాళ్ళు పంపలేదు. ముందు కూరలు అయిపోయాయి, తర్వాత చేపలు, తర్వాత బియ్యం అడుగంటింది. గ్రీకులకి రొట్టె ఉంది. బియ్యం లేకపోతే ఫిలిప్పీన్స్ వాడికీ మనకీ భోజనం చేసినట్టుండదు. కుక్కు మీద కోపాలు. కుక్కు గిన్నెలు విసిరేస్తున్నాడు. రాత్రిపూట స్టోరు తాళం ఎవరో కదిపారని గొడవ.

ఆఫీసర్ల మెస్ మానేసి చీఫ్ మా బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే కెప్టెన్ దగ్గరికి పోయి రేడియోలో ఏజెంటుతో అరిపించేవాడు. బియ్యం బస్తాలు పడవలో వచ్చేదాకా ఆయన మాతోనే ఆ మాడు రొట్టెలు తిన్నాడు.

అప్పుడు చెప్పింది సూర్యుడి ఆవుల కథ. త్రినాకియా దీవిలో హీలియస్ దేవుడి ఆవులున్నాయి, ముట్టుకుంటే చస్తారని ముందే హెచ్చరిక. ఒడిస్సియస్ ఈసారి అందరికీ చెప్పాడు, ఒట్టు కూడా వేయించుకున్నాడు. నెల్లాళ్ళు దక్షిణగాలి వదల్లేదు. తిండి అయిపోయింది. అతను దేవుళ్ళకి మొక్కుకోడానికి దీవి లోపలికి పోయి అక్కడే నిద్రపోయాడు. లేచేసరికి మాంసం కాలుతున్న వాసన. ఆ తర్వాత ఓడమీద పిడుగు పడింది, అతనొక్కడే మిగిలాడు.

"ఈసారి సంచిలో ఏముందో చెప్పాడు కదా చీఫ్?" అన్నాను.

"చెప్పాడు. గిన్నెలో ఏముందో చూళ్ళేదు."

* * *

చీఫ్‌ది ఇథాకాయే. ఆ సంగతి ముందే చెప్పాల్సింది. వంద చదరపు కిలోమీటర్లు కూడా నిండని రాతి దీవి. జనం కొన్ని వేలు. అక్కడివాళ్ళు సగం మంది ఓడల్లో, మిగతా సగం మెల్‌బోర్న్‌లో అని నవ్వేవాడు. 1953 ఆగస్టు భూకంపంలో పక్కనున్న కెఫలోనియాతోపాటు ఇథాకాలోనూ ఇళ్ళు కూలిపోయాయి. ఆయన అప్పుడు చిన్నపిల్లవాడు. ఎండాకాలమంతా డేరాలో పడుకోవడం, వాళ్ళమ్మ గోడలు లేని వంటింట్లో పొయ్యి దగ్గరే వండడం గుర్తున్నాయట. ఆ తర్వాత ఊరొదిలి పోయినవాళ్ళు చాలామంది. హోమర్ చెప్పిన ఇథాకా అసలు ఇది కాదని, పక్క దీవి అని, ఇంకో దీవి అని వాదించే పండితులున్నారు. వాళ్ళ మాటెత్తితే చీఫ్ కాఫీ వదిలేసి లేచిపోయేవాడు.

ఒకసారి రవెన్నాకి సరుకు పడింది. అడ్రియాటిక్ లోపలికి పోవాలి, అంటే కెఫలోనియా పడమటి పక్కనుంచి. నాలుగింటికి వాచ్ దిగి పైకొచ్చేసరికి చీఫ్ కుడిపక్క రెయిలింగ్ దగ్గరున్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని. దూరంగా ఒక నల్లటి కొండ. అయినోస్, 1,628 మీటర్లు.

"మీ దీవేనా?"

"కాదు. మాది దాని వెనకాల. ఇటునుంచి కనబడదు."

కనబడనిదాన్ని అలా చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి పాత లాగ్ కాగితం తీసి వెనక్కి తిప్పి, పెన్సిలుతో లెక్కేశాడు. ఆ లెక్క నాకు అంకెలతో సహా గుర్తుంది. ట్రాయ్‌కి తీసుకెళ్ళిన ఓడలు 12. సికోనియన్ల ఊరు దోచబోయి ఓడకి ఆరుగురి చొప్పున 72 మంది. ఒంటికన్ను రాక్షసుడి గుహలో 6. తాగి మేడ మీంచి పడిపోయిన కుర్రాడు 1. లెస్ట్రిగోనియన్లు అనే రాక్షసుల రేవులో 11 ఓడలు, జనంతో సహా. "అందరివీ రేవు లోపల కట్టించాడు. తనది మాత్రం బయట కట్టుకున్నాడు. తాడు కోసుకుని పారిపోయాడు" అని ఆ అంకె కింద గీత గీశాడు. స్కిల్లాకి 6. మిగిలిన ఒక్క ఓడ పిడుగుకి.

"ఇంటికొచ్చింది?"

"ఒకడు" అన్నాను.

"ఈ కెప్టెన్‌తో నువ్వు సెయిల్ చేస్తావా?"

నేను మాట్లాడలేదు. ఆ ప్రశ్న కథలోనే ఉందట. చనిపోయినవాళ్ళ బంధువుల తరపున ఒక ముసలాయన లేచి నిలబడి, ఓడల్నీ పోగొట్టాడు, మనుషుల్నీ పోగొట్టాడు, వచ్చి ఇంట్లో ఉన్నవాళ్ళనీ చంపాడు అని అడుగుతాడట. వీరుడి గురించి ఇంత పెద్ద కావ్యం చెప్పి, చివర్న ఆ ముసలాయన చేత ఈ మాట అనిపించినవాడి గుండెధైర్యం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

"మరి మీరు ఆయన్ని ఎందుకు చెప్పుకుంటారు?" అని అడిగాను.

అప్పుడు మూడో నిద్ర చెప్పాడు. అందరూ పోయాక, కలిప్సో అనే దేవత దగ్గర ఏడేళ్ళు ఒడ్డున కూర్చుని ఏడ్చాక, చావు లేకుండా చేస్తానన్నా వద్దని తెప్ప కట్టుకుని బయల్దేరాక, అదీ విరిగాక, ఫయేషియన్ల దీవిలో తేలాడు. కోర్ఫూ అదేనని అక్కడివాళ్ళ నమ్మకం. వాళ్ళు ఓడెక్కించి, దుప్పటి పరిచారు. తెడ్లు వాళ్ళవి, దారి వాళ్ళది. ఒడిస్సియస్ ఒక్కమాట అనకుండా పడుకున్నాడు. నిద్రలో ఉండగానే ఇథాకా ఒడ్డున దింపి వెళ్ళిపోయారు.

"మొదటిసారి తాడు వదల్లేక వదల్లేక నిద్రపోయి ఇల్లు పోగొట్టుకున్నాడు. ఈసారి తాడు ఇంకొకడికిచ్చి నిద్రపోయాడు, ఇంటిదగ్గర లేచాడు. పదేళ్ళు పట్టింది ఆయనకి ఆ ఒక్కటీ నేర్చుకోడానికి" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొండ వెనక్కి పోయింది.

* * *

లేచాక అది తన ఊరని ఒడిస్సియస్ గుర్తుపట్టలేదు. మన రాముడొస్తే అయోధ్య అలంకరించుకుంది. ఇతను బిచ్చగాడి వేషంలో సొంత గుమ్మం ఎక్కాడు. గుర్తుపట్టింది అర్గోస్ అనే ముసలి కుక్క. పేడకుప్ప మీద పడి ఉన్నది, తోకాడించి, చెవులు దించి, ప్రాణం వదిలింది. పక్కనున్నవాడికి కనబడకుండా కన్నీళ్ళు తుడుచుకున్నాడట. చీఫ్ ఇక్కడికొచ్చేసరికి కాఫీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

నేను కాంట్రాక్టు ముగిసి సైనాఫ్ అయి పలాస స్టేషన్లో దిగి, అట్టపెట్టెలు రిక్షాకెత్తించి ఇంటికి చేరితే మా వీధికుక్క మొరిగింది. పాప వాళ్ళమ్మ వెనక్కి పోయి చీరకుచ్చిళ్ళలోంచి చూసింది. "మీ నాన్నే" అంటే, గోడకున్న నా ఫోటో చూపించి "నాన్న అదిగో" అంది. చాక్లెట్లకి కూడా లొంగలేదు. బొమ్మ విమానానికి లొంగింది, అదీ మూడోనాటికి.

రాత్రిళ్ళు మా ఆవిడకి ఈ కథ చెప్పాను. ఒడిస్సియస్ భార్య పెనెలోపి దగ్గర ఆపింది. అతను పోయాడనుకుని, తమలో ఒకర్ని పెళ్ళాడమని ఆ ఇంట్లో తిష్టవేసిన మగాళ్ళతో ఆవిడ, మామగారికి శవవస్త్రం నేస్తున్నా, అది పూర్తయ్యాక మీలో ఒకర్ని చేసుకుంటా అని చెప్పి, పగలు నేసింది రాత్రి విప్పేసేదట, మూడేళ్ళు.

"ఎంతమందన్నారు ఆ ఇంట్లో కూకున్న మగాళ్ళు?"

"నూట ఎనిమిది."

"నూట ఎనిమిది మందిలో మగ్గం ఎరిగినోడు ఒక్కడూ లేడేటి? ఒక్క బట్టకి మూడేళ్ళా?" అని నవ్వింది. ఆవిడకి నచ్చింది మంచం కథ. వచ్చినవాడు నిజంగా తన మొగుడేనా అని తెలుసుకోడానికి పెనెలోపి "మంచం బయట వెయ్యండి" అంటుంది. అతను భగ్గుమంటాడు. ఆ మంచం బతికున్న ఆలివ్ చెట్టు మొదలు చెక్కి చేసింది, కదల్దు. ఒక్క దాసి తప్ప, అది వాళ్ళిద్దరికే తెలుసు.

"అడగాల. ఇన్నేళ్ళకి వచ్చినోడ్ని ఏటీ అడక్కండా రానిచ్చేత్తారేటి?" అని, ట్రంకుపెట్టెలోంచి నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది. నా జీతంలోంచి నెలనెలా ఇంటికొచ్చిన అలాట్‌మెంటు, తీర్చిన అప్పు, జీడితోట కౌలు, పాప మందులు, అన్నీ రాసి ఉన్నాయి. నేను లేనప్పుడు ఆ ఇంటి వాచ్ ఎవరిదో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత ఎన్ని కాంట్రాక్టులు చేసినా డబ్బు సంగతి నేను పట్టించుకోలేదు. పుస్తకం ఆవిడదే.

* * *

పిరేయస్ రేవులో ఆఖరిసారి దిగే ముందురోజు చీఫ్ నన్ను కేబిన్‌కి పిలిచాడు. సౌండింగ్ టేపు ఒకటి తెగిపోతే దాని కొసనుండే ఇత్తడి గుండు విడిగా తీసిపెట్టాడు. ట్యాంకుల్లో నూనె ఎంతుందో చూడ్డానికి పైపులోకి దింపేది. రోజూ పొద్దున్న నా చేతిలో ఉండేది అదే. దానికి కొత్త దారం కట్టి ఇచ్చాడు.

ఇస్తూ చెప్పింది కథలో చివరి ముక్క. పాతాళంలో గుడ్డి జ్యోతిష్కుడు తైరీసియస్ ఒడిస్సియస్‌తో అంటాడు: ఇంటికి చేరాక నీ పని అవదు. భుజాన తెడ్డు వేసుకుని లోపలి దేశాలకి నడువు. సముద్రం ఎరగని, తిండిలో ఉప్పు కలపని జనం ఉండే చోటికి పో. ఎవడో ఒకడు ఎదురొచ్చి, భుజం మీద ఆ తూర్పారబట్టే పార ఎందుకని అడుగుతాడు. అక్కడ ఆ తెడ్డు నేలలో పాతి, సముద్రదేవుడు పొసైడన్‌కి బలి ఇయ్యి. అప్పుడు సముద్రం నిన్ను వదుల్తుంది.

చీఫ్ పోయి చాలా కాలమైంది. సెకండ్ ఎవరి ద్వారానో కబురు పంపాడు. 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాక, కొడుకు బలవంతం మీద మేం హైదరాబాదు వచ్చేశాం. ఆ గుండు టీవీ బల్ల మీద ఉంటుంది.

పోయిన వేసవిలో బాత్రూం పలకలు మార్చడానికి మేస్త్రీ వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. నీళ్ళు అడగడానికి హాల్లోకొచ్చి, బల్ల మీది గుండు చూసి ఆగిపోయాడు. దారం పట్టి పైకెత్తి, అరచేతిలో బరువు చూసుకున్నాడు.

"సార్, మీరు కూడ మేస్త్రీ పనే చేస్తుండెనా? గోడ తూకం చూసే గుండు కదా ఇది. మస్తుగుంది. సాయంత్రం దాంక ఇస్తరా?"

పట్టుకెళ్ళమన్నాను. శాస్త్ర ప్రకారం అయితే అక్కడే పొసైడన్‌కి ఒక పొట్టేలునీ ఎద్దునీ మగపందినీ బలివ్వాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్ళు ఒప్పుకోరు. మేస్త్రీకి టీ పెట్టమని మా ఆవిడకి చెప్పాను.